అద్దంలా తొక్కిన నేల

...అసలు కాళ్ళ కింద ఉన్నది నేలేనని మనిషికి ఎలా తెలుస్తుంది? అలవాటు వల్ల తెలుస్తుంది, అంతే. వేరే ఆధారం లేదు. మంచం దిగేటప్పుడు ఎవరూ కిందికి చూసి దిగరు. నేల అక్కడే ఉంటుందన్న నమ్మకం ఎంత పాతదంటే దాన్ని నమ్మకమని కూడా ఎవరూ అనుకోరు. దాన్ని ఒక అంకెగా మార్చి మణికట్టుకు కట్టిన నాటినుంచి మాత్రం మనుషులు కిందికి చూసి నడుస్తున్నారు. నీలాచలమూ అంతే. బస్సులో కూర్చుని ఉన్నా సరే, ఇప్పుడు అతను చూస్తున్నది తన చెప్పుల కిందికే.

బస్సు టెక్కలి వైపు మెట్ట దాటి తీరానికి దిగుతోంది. దిగేకొద్దీ ప్రయాణికుల మట్టపట్టీలు ఒక్కొక్కటిగా రంగు మారుతున్నాయి. బూడిద రంగు పోయి లేత నీలం, లేత నీలం పోయి ముదురు నీలం. సముద్ర మట్టానికి మనిషి ఎంత ఎత్తున ఉన్నాడో ఆ పట్టీ చెబుతుంది. ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు పెళ్ళి సంబంధం గురించి మాట్లాడుకుంటున్నారు.

"కుర్రోడి మట్టం ఎంతంట?"

"నాలుగున్నర."

"అబ్బో, నాలుగున్నరే! మరి ఉజ్జోగం?"

"ఉజ్జోగం నేదు. అయితేటి? ఉజ్జోగం ఇయ్యాల కాపోతే రేపొస్తాది. మట్టం వొస్తాదేటే?"

ఇద్దరూ నవ్వుకున్నారు. అందులో ఒకామె వెనక్కి తిరిగి నీలాచలం చొక్కా మీది రాగి బిళ్ళ చూసింది. నవ్వు ఆపి, పక్కామె మోచేతిని పొడిచింది. తర్వాత ఆ సీట్లోంచి మాట వినపడలేదు. నేల సాక్షి ఎక్కిన బస్సులో మాటలు ఇలాగే ఆగిపోతాయి. మొదట్లో అది అతనికి గౌరవంలా తోచేది. తర్వాత భయంలా తోచింది. ఈమధ్య ఏమీ తోచడం లేదు, అదే అతన్ని కలవరపెడుతోంది.

సముద్రం ఒక తరం కాలంలో కట్టల దాకా వచ్చేసింది. తీరాన్ని గడులుగా విడగొట్టి, ప్రతి గడి చుట్టూ కట్ట వేసి, ప్రతి కట్టకూ ఒక ఇనుప తలుపు పెట్టారు. తుపానుకు ఉప్పెన కట్టలను మించి వస్తే ఎక్కడో ఒకచోట తలుపు తెరిచి నీటిని లోపలికి పోనివ్వాలి. లేకపోతే అన్ని కట్టలూ తెగుతాయి. ఏ తలుపు తెరవాలో మనుషులు నిర్ణయించినన్నాళ్ళూ తలలు పగిలాయి. చివరికి ఆ పని నీటిపాలకం అనే యంత్రానికి అప్పగించారు. దానికి తెలిసిన నియమం ఒక్కటే: అన్నిటికన్నా పల్లంగా ఉన్న గడి తలుపు తెరవడం. అలా నీళ్ళు నింపిన గడికి 'ఓర్పు గడి' అని పేరు. ఆ పేరు పెట్టింది ఎవరో గానీ మనసు లోతులు తెలిసినవాడు. ఓర్పు అనే మాట ముందు కాదనడానికి ఎవరికీ నోరు రాదు. ఒకసారి ఓర్పు గడి అయిన చోట మళ్ళీ ఇల్లు కట్టుకోనివ్వరు.

పల్లమేదో మెరకేదో చెప్పేవి ఆకాశంలో తిరిగే కిరణమాపకాలు. అవి సన్నని వెలుగును కిందికి విసిరి, అది తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని లెక్కిస్తాయి. త్వరగా వస్తే మెరక, ఆలస్యమైతే పల్లం. చిక్కల్లా ఆ వెలుగు నేలకే తగలాలని లేకపోవడం. చెట్టు నెత్తికి తగిలి వచ్చేస్తుంది, పూరింటి కప్పుకు తగిలి వచ్చేస్తుంది. అందువల్ల పాత కొలతల్లో తోటలున్న ఊళ్ళన్నీ ఉన్నదానికంటే ఎత్తుగా కనిపించాయి. జనం ఆ దొంగ ఎత్తు మీద నిశ్చింతగా నిద్రపోయారు, కొందరు మళ్ళీ లేవలేదు. ఇప్పుడు వచ్చిన మూడో సవరణ ఆ దొంగ ఎత్తును తీసేస్తుంది. ఆకుల సందుల్లోంచి జారిన కాసిన్ని వెలుగు చుక్కలను పట్టుకుని అసలు నేల ఎక్కడుందో చెబుతుంది. గొప్ప పని. నీలాచలం నిజంగానే అలా అనుకుంటాడు. అయినా చట్టం యంత్రం మాటతో తృప్తిపడక ఒక మనిషి మాట కూడా అడిగింది. కిరణమాపకం నెత్తి మీదుగా దాటే వేళ అక్కడ నిలబడి, కనిపిస్తున్నది నేలా, నేలను కప్పి ఉన్నదా చెప్పడానికి ఒక మనిషి. రెండే మాటలు: 'నేల', 'కప్పు'. పద్నాలుగేళ్ళుగా అతను చేస్తున్న ఉద్యోగం ఆ రెండు మాటలే.

కొటారుపేట దగ్గర అతనొక్కడే దిగాడు.

ఊరు అంటే వరసగా ఉప్పుమడులు, వాటి వెనక కట్ట, కట్టకు ఇవతల ఇళ్ళు. అక్కడివాళ్ళు తరతరాలుగా ఉప్పు పండిస్తారు. పడమర పాయకు అవతల రొయ్యల గడి ఉంది. చెరువులు, కాపలా గుడిసెలు తప్ప అక్కడ ఊరు లేదు. పాత కొలత ప్రకారం కొటారుపేట ఆ గడికన్నా జానెడు మెరక. ఆ జానెడే ఇంతకాలం ఊరిని కాపాడింది. ఇప్పుడు వాయుగుండం బలపడి తుపానుగా మారింది. అది తీరం దాటేలోగా, అనుమానం ఉన్న గడులన్నిటినీ మూడో సవరణతో మళ్ళీ కొలవాలని ఉత్తర్వు. కొటారుపేటకు ఈ మధ్యాహ్నమే కొలత.

అతని కోసం కట్ట మీద ఊరంతా నిలబడి ఉంది. ఉతికిన బట్టలు, నూనె రాసి దువ్విన తలలు. ఉప్పు కార్మికుల సంఘానికి పెద్ద దాలమ్మ ముందుకు వచ్చింది. పొట్టి మనిషి, బిగించిన ముడి, పగిలిన పాదాలు.

"రండి సాచ్చిబాబూ. మబ్బు రాకముందే వొచ్చినారు, మంచి పని సేసినారు."

ఆమె తమ్ముడు పోలయ్య అతని చేతిలోని సాక్షి పీటను లాక్కున్నట్టుగా తీసుకుని తలమీద పెట్టుకున్నాడు. పేరుకు పీటే గానీ అది తూకం తెలిసిన లోహపు పలక. సాక్షి దాని మీద నిలబడాలి. అతని బరువు దాని మీంచి తొలగితే ఆ కొలత రద్దయి పాత కొలతే నిలుస్తుంది. ఒకప్పుడు లంచాలు తిన్న సాక్షులు మడమలతో మట్టి ఎగదోసిన రోజులుండేవి. అందుకే ఆ నియమం. కొలిచే నేలను తాకిన సాక్షికి మళ్ళీ బిళ్ళ ఇవ్వరు.

"పెళ్ళిపీట లాగుందేటి బాబూ ఇది? మరి పెళ్ళికూతురెవులు?" అన్నాడు పోలయ్య.

"నోరు ముయ్యరా. నువ్వు మోస్తన్నావు గదా, నువ్వే కూకో దాని మీద," అంది దాలమ్మ. అందరూ నవ్వారు. ఆ నవ్వులో వణుకు ఉంది. పోలయ్య పీటను మడి గట్టు మీద దించాడు. నీలాచలం ఎక్కి నిలబడ్డాడు.

పీట అతన్ని గుర్తుపట్టి, ఉదయం దాటిన కిరణమాపకం తీసిన పరీక్ష చూపును అతని అరచేతి పలక మీద చూపించింది. అతను అంకె చదివాడు. మళ్ళీ చదివాడు.

కొటారుపేట రొయ్యల గడికన్నా మూరెడు పల్లం.

పాత కొలతలో ఉన్న జానెడు మెరక పోవడం వరకూ అతనికి అర్థమవుతుంది. మడుల పక్కన ఉప్పు కుప్పలు ఉంటాయి, వాటి మీద తాటాకు కప్పు ఉంటుంది, గట్ల మీద తుప్పలుంటాయి. మూడో సవరణ వాటన్నిటినీ తీసేస్తుంది. కానీ మూరెడు? అంత లోతుకు నేల కుంగితే ఇళ్ళ గోడలు పగిలేవి, కట్ట వంగేది. అతను చుట్టూ చూశాడు. కట్ట తిన్నగా ఉంది. గోడలు తిన్నగా ఉన్నాయి. జనం అతని ముఖంలోకి చూస్తున్నారు. ముఖాన్ని మామూలుగా ఉంచుకోవడం అతని ఉద్యోగంలో ఒక భాగం. ఉంచుకున్నాడు.

అప్పుడు కిందికి చూశాడు. కింద అతని ముఖమే కనిపించింది.

నీళ్ళు కావు. మడి పొడిగానే ఉంది. గట్టు నుంచి గట్టు దాకా, మడి తర్వాత మడిగా, నేలంతా నల్లగా నున్నగా మెరుస్తోంది. ఉప్పు పేరుకున్న సన్నని పొర మీద ఆకాశం, కట్ట మీది మనుషులు, పీట మీద తను, అన్నీ తలకిందులుగా ఉన్నాయి. ఒక్క గడ్డిపోచ లేదు. ఒక్క అడుగు జాడ లేదు.

"ఇది... ఎవరు చేశారు?" అన్నాడు.

"అందరం," అంది దాలమ్మ. ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు ఆమె ముఖం విచ్చుకుంది. "ఊరు ఊరంతా దిగి తొక్కినాం. పురిటి మనిసొక్కర్తే దిగనేదు. బంకమట్టి పోసి, ఉప్పుపానీ జల్లి, కాళ్ళతో తొక్కి, ఎండనిచ్చి, మల్లా తొక్కినాం. మీరే గదా బాబూ, పోయినసారొచ్చి సెప్పినారు? నేల మీద ఏటీ ఉండకూడదు, నేల బాగా అగుపించాల అని."

చెప్పాడు. మొదటి వాక్యం ఉత్తర్వులోది. రెండోది అతను మర్యాదకు కలిపింది.

"కుప్పలు తీస్తే చాలు కదా దాలమ్మా. తొక్కడం దేనికి? ఉప్పు కాలం ఇంకా రాలేదు. రేపు తుపానుకి వాన పడితే ఇదంతా బురదే."

"తెలుసు బాబూ. సుట్టాలెల్లిపోయినాక ఇల్లు మాసిపోదేటి? అయినా అలుకుతాం గదా." ఆమె చూపుడు వేలితో పైకి చూపించింది. "అంత ఎత్తునుంచి మమ్మల్ని సూడ్డానికొస్తంది. మాసిన మొకంతో ఎలగ కనిపిస్తాం?"

నీలాచలానికి ఉన్నట్టుండి బడిలో తీయించుకున్న ఫొటో గుర్తొచ్చింది. ఆ రోజు అమ్మ అతని జుట్టు తడిపి, పాపిడి తీసి, ముఖానికి పౌడరు దట్టించింది. చాలదని మళ్ళీ దట్టించింది. బడి గేటు దాకా వచ్చి ఒకసారి గడ్డం పట్టుకుని చూసుకుంది. ఫొటో వచ్చాక అందులో అందరి ముఖాలూ ఉన్నాయి, ఒక్క అతనిది తప్ప. పౌడరు మీద పడ్డ వెలుగంతా వెనక్కి కొట్టి, ముఖం ఉండాల్సిన చోట ఒక తెల్లటి మరక మిగిలింది. అమ్మ ఆ ఫొటోను చాలాసేపు చూసి ట్రంకుపెట్టె అడుగున పెట్టేసింది.

అతనికి అంతా అర్థమైంది.

చెవిగింజను నొక్కి మట్టాల కేంద్రాన్ని పిలిచాడు. సవరణ గదికి అధికారిణి ఇందుమతి పలికింది.

"పరీక్ష చూపు తప్పండి, ఇందుమతి గారూ."

"తప్పు అనకండి నీలాచలం గారూ, తేడా అనండి. మన మాటలన్నీ నమోదవుతున్నాయి."

"ఉప్పుమడులు అద్దంలా తొక్కారు. తిరిగొచ్చే వెలుగు మరీ ఎక్కువైపోతోంది. కిరణమాపకం కన్ను దిమ్మెక్కుతోంది. వెలుగు వచ్చేశాక కాసేపటికి గాని వచ్చిందని గుర్తించలేకపోతోంది. ఆ ఆలస్యాన్ని మన లెక్క పల్లం అనుకుంటోంది."

ఆమె తెలివైన మనిషి. మూడో సవరణలో సగం ఆమె మెదడే.

"మసక వెలుగుకి సవరణ ఉంది," అంది, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "ఆకుల్లో చిక్కుకుని ఆలస్యమయ్యేదానికి ఉంది. వరిపొలాల్లో చూశాం, మడ అడవుల్లో చూశాం, సరుగుడు తోటల్లో చూశాం. మరీ ఎక్కువ వెలుగు ఎక్కడా రాలేదు. నేల అంతలా ఎందుకు మెరుస్తుంది అసలు?"

"కొలత కోసం మెరిపించారు."

"కొలత కోసమా?" ఆమె గొంతులో నిజమైన ఆశ్చర్యం. "ఎవరైనా కొలత కోసం నేలకి అలంకారం చేస్తారా?"

"చేశారు. ఇప్పుడు లెక్క మార్చగలరా?"

"తుపానుల ఋతువు మధ్యలో మార్చే అధికారం నాకు లేదు. ఎవరికీ లేదు. మీరు రాసి పంపండి. తుపాను తర్వాత సవరణల సంఘం కూర్చుని చూస్తుంది."

"తుపాను తర్వాత ఊరుండదు."

"మనుషుల్ని ముందే తరలిస్తారు కదా."

"నేను కప్పు అంటే?"

"కప్పు ఉందనుకుని ఇంకొంచెం తీసేస్తుంది. ఇంకా పల్లమవుతుంది. మీకు తెలియనిదా?"

"ఏమీ అనకపోతే?"

"మౌనం నేల కిందే లెక్క." ఆమె గొంతు తగ్గించింది. "పటంలో మీకు తూర్పున మబ్బు కనిపిస్తోంది. మబ్బు అడ్డం వస్తే చూపు పడదు. చూపు పడకపోతే పాత కొలతే నిలుస్తుంది. నేను చెప్పగలిగింది అదొక్కటే, నీలాచలం గారూ."

మాట ఆగిపోయింది.

అతను తూర్పుకు చూశాడు. సముద్రం మీద బూడిదరంగు మబ్బు లేస్తోంది. దాని అంచు తెల్లగా చిరిగి ఉంది. మధ్యలో నీలి ఆకాశపు ముక్క, సరిగ్గా ఊరి మీద. రావాలి, అనుకున్నాడు. ఎంత బలంగా అనుకున్నాడంటే, ఆ కోరిక తనదేనా అని అతనికే అనుమానం వచ్చింది. ఏళ్ళుగా అతను దేన్నీ కోరుకోలేదు. ఏదైనా జరగాల్సి వస్తే అది తన ప్రమేయం లేకుండా జరిగిపోవడమే అతనికి ఇష్టం. ఉద్యోగం అలా వచ్చింది. పెళ్ళి అలా తప్పిపోయింది. ఇప్పుడు మబ్బు కూడా అలాగే వచ్చేస్తే బాగుండును.

"ఏటంటన్నారు బాబూ కేంద్రమోళ్ళు?" అడిగింది దాలమ్మ.

ఆమెకు చెప్పకూడదు. సాక్షి తీర్పు ముందు మాట్లాడరాదు. చెప్పాడు. వీలైనంత చిన్న మాటల్లో, మెరుపు గురించి, ఆలస్యం గురించి, మూరెడు గురించి చెప్పాడు. మూరెడు అనేసరికి కట్ట మీద ఎవరో ఆడమనిషి "ఓలమ్మోలమ్మ" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అంటే," అంది దాలమ్మ మెల్లగా, "మడి బాగా తొక్కితే మట్టం తగ్గిపోతాదా?"

"తగ్గదు. తగ్గినట్టు కనిపిస్తుంది."

"ఆకాశానికి కళ్ళు బైర్లు కమ్మినాయంట్రోయ్!" అన్నాడు పోలయ్య. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"దాని మీద పొడిమట్టి చల్లితే చాలు," అన్నాడు నీలాచలం. "బుగ్గి చల్లినా చాలు. మెరుపు పోతే సరిగ్గానే కొలుస్తుంది. నేను చెయ్యకూడదు. మీరు..."

"మావూ సెయ్యకూడదు." దాలమ్మ గొంతు గట్టిపడింది. "సుంకరపాలెంలో ఏటైందో మీకెరికే గదా? సాచ్చి పీటెక్కినాక సాచ్చి సెప్పినాడనే కంప పరిసినారు. నేల మోసమన్నారు. కొలవకుండానే ఓర్పు గడి సేసీనారు. ఇయ్యాల మాం పిడికెడు బుగ్గి జల్లితే మాకూ అదే."

అది నిజం. ఆ నియమం అతనికి కంఠస్థం. సాక్షి పీట ఎక్కాక ఊరివాళ్ళు నేలను ముట్టుకుంటే ఆ పాపం ఊరిది. సాక్షి ముట్టుకుంటే అది సాక్షిదే, ఊరికి అంటదు. ఆ రెండో వాక్యాన్ని అతను ఇంతవరకు ఇలా చదవలేదు. ఇప్పుడు మనసులో అది దానంతటదే తెరుచుకుంది, అతను వెంటనే దాన్ని మూసేశాడు. మబ్బు ఉంది కదా. మబ్బు వస్తోంది కదా.

"అసలు మీకేటి దిగుల్లే బాబూ మా మడి గురించి?" అన్నాడు పోలయ్య. ఇప్పుడతని గొంతులో వేళాకోళం లేదు. "ఇంత బాగా తొక్కితే బుగ్గి జల్లమంటన్నారు. పాయ అవతల రొయ్యలోళ్ళు సేతిలో ఏటైనా ఎట్టినారేటి?"

"పోలీ!" అని కసిరింది దాలమ్మ. కానీ ఆమె కూడా నీలాచలం వైపు అదే ప్రశ్నతో చూసింది. కాదని చెప్పడానికి నోరు తెరిచాడు. తను ఏది చెప్పినా అది లంచం తిన్నవాడి మాటలాగే ఉంటుందని తోచి మూసేశాడు. పద్నాలుగేళ్ళుగా ఎవరికీ దగ్గర కాకుండా, ఎవరి నేలా ముట్టుకోకుండా కాపాడుకున్న తన నిష్పాక్షికతకు ఈ ఊళ్ళో ఉన్న విలువ ఇదన్నమాట.

"ఉప్పునేలకి ఉప్పునీళ్ళంటే బయమేటి, అన్నాడంట మంత్రి," అంది దాలమ్మ ఎవరితోనూ కాకుండా. "మరి ఆయనింట్లో వొండుకున్న కూడు మీద కడవడు ఉప్పు పోస్తే తింటాడేటి?" తర్వాత జనం వైపు తిరిగి చేతులు చరిచింది. "సాలు, సాలు. మొకాలు అలగెట్టకండి. ఎవులి గట్టు మీద ఆళ్ళు కూకోండి. దాని సూపుకి ఏటి తోస్తే అది తోస్తాది. మన పని మనం బాగానే సేసినాం."

వాళ్ళు గట్ల మీద బారులు తీరి కూర్చున్నారు. ఒక ముసలామె కొంగు తలమీదికి లాక్కుంది. ఒకడు చొక్కా బొత్తాం పెట్టుకున్నాడు. ఒక తల్లి పసిదాని ముక్కు తుడిచి, ఆకాశం వైపు తిప్పి పట్టుకుంది.

"తీర్పు చూపు సమీపిస్తోంది," అంది పీట, మృదువైన గొంతుతో. "సాక్షి పీట మీదనే ఉండాలి."

మబ్బు నీడ సముద్రపు కట్ట ఎక్కింది. చివరి మడిలో దిగింది. అక్కడి మెరుపు ఆరిపోయింది. నీడ రెండో మడిలోకి వచ్చింది, మూడో మడిలోకి వచ్చింది. ఇంకొంచెం. ఇంకొంచెం వస్తే అతను ఏమీ చెయ్యనక్కర్లేదు. సాయంత్రం బస్సులో వెళ్ళి, తలుపు వేసుకుని, అన్నం తిని, రేపు ఇంకో ఊళ్ళో ఇంకో పీట మీద నిలబడవచ్చు. గాలి చెంపకు తగిలింది. అది తూర్పు గాలి కాదు. నీడ ఆగింది, ఒక్క క్షణం తటపటాయించినట్టు వణికింది, ఉత్తరానికి జరిగి ఖాళీ ఇసుక మీదుగా వెళ్ళిపోయింది.

మడులన్నీ ఒక్కసారిగా వెలిగాయి. కళ్ళు మూసుకోవాల్సి వచ్చింది.

కళ్ళు తెరిచేసరికి గట్ల మీది వాళ్ళందరూ పైకి చూస్తున్నారు. ఎండకు కళ్ళు చికిలించి, అయినా తల దించకుండా. కొందరు కొంచెం నవ్వుతున్నారు కూడా. మేఘాలకు పైన ఎక్కడో ఒక లోహపు కన్ను వస్తోంది. దానికి ఆకులు తెలుసు, గడ్డి తెలుసు, పూరికప్పులు తెలుసు. తనను చూసి ఎవరైనా ముస్తాబవుతారని దానికి తెలియదు. దాన్ని చేసినవాళ్ళకీ తెలియదు. ఇలా అందరికన్నా బాగా కనిపించాలనుకున్న ఊరే అందరికన్నా పల్లానికి పోతుంది. అతని కళ్ళ ముందు బడి ఫొటోలోని తెల్లటి మరక నిలిచింది. దాని వెనక గడ్డం పట్టుకుని చూస్తున్న అమ్మ ముఖం.

"సాక్షి మాట కోసం సిద్ధంగా ఉన్నాం," అంది పీట. "నేల అయితే నేల అని, కప్పు అయితే కప్పు అని చెప్పండి."

నేల అన్న మాట నాలుక మీద ఉంది. అది నిజం కూడా. అతని ఉద్యోగంలో ఎప్పుడూ నిజమే చెప్పాడు, ఆ తర్వాత ఏమైందో ఎప్పుడూ చూడలేదు. పీట మీంచి దిగితే బిళ్ళ పోతుంది. బిళ్ళ పోతే బస్సులో జనం అతన్ని చూసి మాటలు ఆపరు. మట్టం ఎంత అని అడుగుతారు. వీళ్ళు మాత్రం అతన్ని క్షమించరు. ఊరంతా కలిసి తొక్కిన మడిలో కాలు పెట్టినవాడిగానే గుర్తుపెట్టుకుంటారు. తలుపు రొయ్యల గడిదే తెరుచుకుంటుంది. పాయకు అవతల గుడిసెల్లో కాపలావాళ్ళను ట్రాక్టర్లు వచ్చి తీసుకుపోతాయి; వాళ్ళూ తిట్టుకుంటారు, ఎవరిని తిట్టాలో తెలియక.

అతను వంగి చెప్పులు విప్పాడు.

"బాబూ?" అంది దాలమ్మ.

చెప్పులను పీట మీద ఒకదాని పక్కన ఒకటి పెట్టాడు. తొక్కిన మడిలోకి చెప్పులతో దిగకూడదని అతనికి ఎవరూ చెప్పలేదు. తెలిసింది, అంతే.

"ఏయ్! ఏయ్ సాచ్చిబాబూ! అందులో కాలెట్టకండి!" పోలయ్య గట్టు మీంచి లేచాడు. "అక్కా, సూడే! మడి పాడు సేసీగలడు!"

"సాక్షి పీట మీదనే ఉండాలి," అంది పీట.

కింద మెరుస్తున్న నేలలో ఒక మనిషి తలకిందులుగా నిలబడి, అతని వైపే కాలు చాపుతున్నాడు. నీలాచలం ఆ కాలి మీద తన కుడికాలు పెట్టాడు. పలచని ఉప్పుపొర చిట్లింది. మట్టి చల్లగా ఉంది. అతని బరువు ఎంతో అంతే దిగి, ఆగింది.